ఇరవై రెండులో పది

ఒకరి మాటను మరొకరి దగ్గరకు మోసుకుపోయేవాడు ఆ మాటకు ఎంతవరకు బాధ్యుడు?

నిన్న సాయంత్రం నుంచి ఈ ప్రశ్న నన్ను వదలలేదు. మోసేవాడికి బరువు తెలిస్తే చాలు, మూటలో ఏముందో తెలియనక్కర్లేదని ఇన్నాళ్లూ నమ్మాను. ఆ నమ్మకం చాలా సౌకర్యంగా ఉండేది. సౌకర్యంగా ఉన్న నమ్మకాలనే ముందు అనుమానించాలని ఎక్కడో చదివాను. చదివి, ఆ వాక్యం కింద గీత గీసి, పుస్తకం మూసేశాను.

నా పని ఇది. ఒక యానిమే సిరీస్ ఆధారంగా మా సంస్థ తయారుచేసిన ఫైటింగ్ గేమ్ గురించి ఆటగాళ్లు రాసే అభిప్రాయాలన్నీ చదివి, వారానికొక నివేదిక రాయడం. ప్రతి అభిప్రాయాన్నీ మూడు గడుల్లో ఒకదానిలో పెట్టాలి: ఆట నియమం, పనితనం, అభిరుచి. ఆరు వారాలుగా ‘ముళ్ళకంప’ అనే మారుపేరుతో ఒకరు పడవవాడి పాత్ర మీద నిప్పులు చెరుగుతూ వచ్చారు. ఆ ఉత్తరాలను ‘పనితనం’ గడిలో, అన్నిటికంటే పైన పెడుతూ వచ్చాను. పడవవాడి కదలికలు గీసింది మా అక్క. నా ఆరు నివేదికలను ఆధారంగా చూపి, పడవవాణ్ణి బయటి సంస్థకు అప్పగించాలని, అక్కను బొమ్మల విభాగం నుంచి తప్పించాలని నిన్న పైనుంచి ప్రతిపాదన వచ్చింది. ఈరోజు పన్నెండింటికి సమావేశం.

నిన్న సాయంత్రమే ముళ్ళకంప ఏడో ఉత్తరం కూడా వచ్చింది. అందులో ఒక వాక్యం: “ఇరవై రెండులో పది తీసేస్తే మిగిలేది మనిషి కాదు, ఉత్త తన్ను.”

పడవవాడి తన్నుకు మొదట ఇరవై రెండు బొమ్మలు గీశారన్న సంగతి బయట ఎవరికీ తెలియదు. బయటికి వెళ్లినవి పన్నెండే.

రాత్రి ఇంట్లో ఏమీ అడగలేకపోయాను. ఉదయం పదిన్నరకు ఆ ఉత్తరం కాగితం మీద అచ్చు తీసుకుని బొమ్మల గది తలుపు తోశాను.

ఆ గదిలో ప్రతి బల్ల మీదా ఒక అద్దం ఉంటుంది. గీసేవాళ్లు తమ ముఖాన్నో చేతినో వంచి చూసుకుని గీస్తారు. అక్క బల్ల దగ్గర మాత్రం నిలువెత్తు అద్దం. ఆమె దాని ముందు నిలబడి, ఎడమకాలు కొద్దిగా ఈడుస్తూ నాలుగడుగులు వేసి, ఆగి, మళ్లీ వెనక్కి వెళ్తోంది. పక్క బల్ల దగ్గర ఆకాశాలు గీసే చిత్రకారుడు, అందరూ ‘మబ్బు’ అని పిలిచే ఆయన, టీ కప్పు పట్టుకుని చూస్తున్నాడు.

“తమ్ముడుగారు వచ్చారమ్మా,” అన్నాడు మబ్బు. “ముఖం చూస్తే వాన పడేలా ఉంది. నేనైతే ఈ రంగు వాడను, ఎవరూ నమ్మరు.”

“మబ్బుగారూ, ఒక్క పావుగంట బయట తిరిగి రండి,” అంది అక్క, అద్దంలోంచే నన్ను చూస్తూ.

“పన్నెండింటికి ఉరి అని విన్నాను. పావుగంటేం ఖర్మ, అరగంట ఇస్తాను.” నవ్వించబోయాడు గాని ఆ మాట ఆయనకే గుచ్చుకున్నట్టుంది. కప్పు అక్కడే పెట్టి తలుపు చేరవేసి వెళ్లిపోయాడు.

కాగితం బల్ల మీద పెట్టాను. “అక్కా, ఇది నువ్వేనా?”

ఆమె దాన్ని ముట్టుకోలేదు. “ఏది చూసి అంటున్నావు?”

“ఇరవై రెండు.”

అక్క కుర్చీలో కూర్చుంది. “అంకె రాసి ఉండకూడదు,” అంది. “కోపంలో రాశాను. కోపంలో మనిషి నిజాలు లెక్కతో సహా చెప్పేస్తాడు.”

నేను వేరే జవాబు ఆశించానని అప్పుడు తెలిసింది. కాదనమని లోలోపల ప్రాధేయపడుతున్నాను. ఆమె కాదని ఉంటే నా ఆరు వారాలు నావే అయి ఉండేవి.

“నీ పనిని నువ్వే తిట్టుకోవడమేమిటి?”

“నా పనా అది?” గొంతు పెరిగింది. “పడవవాడు ఎవడు? పన్నెండో ఎపిసోడ్‌లో మోకాలు విరిగిన ముసలాడు. ఆ తర్వాత ఒక్కసారి కూడా ముందు చెయ్యెత్తడు. ఎదుటివాడు వచ్చేదాకా ఆగుతాడు. తన్నాక మళ్లీ నిలబడటానికి వాడికి పది బొమ్మలు పట్టాలి. ఆ పదిలోనే ఉన్నాడు వాడు. ఆ పదీ కోసేయమన్నారు. పరీక్ష కోసం ఆడిన నలుగురు వీడు నెమ్మది అన్నారట. కోశాను. ఇప్పుడు నడిచేటప్పుడు కుంటుతాడు, తన్నగానే పాతికేళ్ల పిల్లాడిలా నిటారుగా నిలబడతాడు.”

“సమావేశంలో చెప్పి ఉండాల్సింది.”

“మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ గడియారం ఒకే మాట అన్నాడు, ‘మీ ఇష్టం కాదండీ, ఆటగాళ్ల ఇష్టం’ అని.”

గడియారం అంటే మా నిర్మాణాధికారి. ఎదుటివాడి మాట సగంలో ఉండగా లేచి, సమయమైందని వెళ్లిపోయే అలవాటు వల్ల వచ్చిన పేరు.

“సరే, ఆటగాళ్ల మాటే వింటాడు కదా అని ఆటగాణ్ణయ్యాను,” అంది అక్క. “అయినా మొదటి ఉత్తరం నాది కాదు. అత్తది.”

మా మేనత్త మమ్మల్నిద్దరినీ పెంచింది. చిన్నప్పటి జ్వరంలో ఎడమకాలు సన్నబడిపోయింది. కుట్టుమిషన్ కుడికాలితోనే తొక్కి మా ఇద్దరి చదువులూ కుట్టింది. గేమ్ విడుదలైన రోజు అక్క దాన్ని ఇంట్లో పెద్ద తెర మీద పెట్టి అత్తకు చూపించిందట. ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. పక్కగదిలో ఆటగాళ్ల అభిప్రాయాలు చదువుకుంటున్నాను.

“అత్త రెండు నిమిషాలు చూసింది,” అక్క చెప్పింది. “‘వీడు కుంటివాడు కాదే, సెలవుచీటీ కోసం కుంటే రకం’ అంది. అని తల వంచి మళ్లీ మిషన్ తొక్కుకుంది. నాకు మాత్రం నిద్రపట్టలేదు. ఆ మాటే అక్షరం పొల్లుపోకుండా రాసి పంపాను.”

ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు. మొదటి నివేదికలో మొదటి పంక్తి అదే. ‘సూటిగా, నిష్పక్షపాతంగా ఉన్న విమర్శ’ అని పక్కన నా సొంత దస్తూరీతో రాశాను. నన్ను అన్నానికి పిలిచిన గొంతు అది. నేను దాన్ని గుర్తుపట్టలేదు. మాటను మాత్రమే చదివితే నిజాయితీ అనుకున్నాను. మనిషి లేని మాట ఉంటుందని నమ్మినవాడికి ఇంతకంటే తగిన శిక్ష ఏముంటుంది?

“నువ్వు దాన్ని పైకి పంపుతావని తెలుసు,” అంది అక్క. “అందుకే రాశాను. కాని ఏ గడిలో పెట్టావు?”

“పనితనంలో.”

“నా వేలితో నా కంట్లోనే పొడిచావు కదరా.”

“మరి ఇంకెక్కడ పెట్టను? నియమం కాదు, అభిరుచి కాదు.”

“బొమ్మలు కోయమన్నది ఎవరో, కోసింది ఎవరో చూడవా?”

పైనుంచి వచ్చిన ఆజ్ఞకు మా పట్టికలో గడి లేదు. ఆటలో ఏ లోపం ఉన్నా అది నియమం రాసినవాడిదో, బొమ్మ గీసినవాడిదో, ఆడేవాడి అభిరుచిదో అయి తీరాలి. నాలుగోవాడికి చోటు లేదు. మూడేళ్లుగా, ఒక గేమ్ తర్వాత మరో గేమ్‌కు, ఆ పట్టికనే నింపుతున్నాను. అందులో ఎవరు లేరో ఒక్కనాడూ గమనించలేదు.

బల్ల మీది ఫోన్ మోగింది. అక్క ఎత్తి, విని, నా చేతికిచ్చింది.

“మీరు అక్కడున్నారని మబ్బు చెప్పాడు,” అన్నారు గడియారం. “చూడండి, ఆ ముళ్ళకంప ఎవరో పట్టుకోండి. ఆరు వారాలుగా మనకు పాఠం చెప్తున్నాడు. గట్టివాడు. బయటి సంస్థకు సలహాదారుగా పెడదామనుకుంటున్నాం. పన్నెండింటికి ఫోన్‌లో అయినా సమావేశంలో ఉండాలి.”

“సార్, ఒక్క మాట. ఆ అభిప్రాయాలను నేను తప్పు గడిలో పెట్టానేమోనని...”

“దాఖలైన నివేదిక దాఖలైనట్టే. మీరు గడులు మారుస్తూ పోతే రేపు నేను దేన్ని నమ్మాలి?”

“కాని సార్, ఆ బొమ్మలు తీయించింది...”

“పన్నెండింటికి,” అని పెట్టేశారు.

రిసీవర్ నా చేతిలోనే ఉండిపోయింది. ఆయన గొంతు పెద్దది. అక్కకు అంతా వినిపించింది. ముందు పెదవులు బిగబట్టింది. తర్వాత భుజాలు కదిలాయి. చివరికి కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది.

“నన్ను తీసేసి, నా తప్పులు దిద్దడానికి నన్నే పెట్టుకుంటారట! అడిగి చూడరా, కొత్త కుర్చీ ఇస్తారేమో.”

“నువ్వేనని చెప్పేద్దామా?”

నవ్వు ఆగిపోయింది. “చేరినప్పుడు ఏం సంతకం పెట్టాం? మన గేమ్ గురించి మనలో ఎవరూ బయట ఒక్క ముక్క రాయకూడదు. రాస్తే ఆ రోజే ఇంటికి. చెప్పకపోతే ఈ గది పోతుంది, చెప్తే గుమ్మమే పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నువ్వేం చేసినా నాకే తగులుతుంది, కాబట్టి ఏమీ చెయ్యకు. నా పేరు ఎత్తనని మాటివ్వు.”

మాట ఇచ్చాను. ఇవ్వడం తప్ప నాకు చేతనైనది మరొకటి కనిపించలేదు.

ఆమె బల్ల మీది కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్లీ మడిచింది. ఆ పని పూర్తయ్యాక చాలా మామూలుగా అడిగింది: “అవునూ, పడవవాడితో నువ్వు ఎన్నిసార్లు ఆడావు?”

నేను ఆ కాగితం మడతల వైపు చూశాను.

“ఒరేయ్. నిన్నే.”

“ఆడలేదు.”

“అసలు?”

“ఈ గేమ్ ఆడలేదక్కా. ఆడితే నాకంటూ ఒక ఇష్టం ఏర్పడుతుంది. నా ఇష్టం నివేదికలోకి దూరకూడదని...”

“మరి అడుగున సంతకం పెడతావే?”

ప్రతి నివేదిక చివరా ఒక అచ్చువాక్యం ఉంటుంది: ‘పై అభిప్రాయాలను స్వయముగా ఆట ఆడి సరిచూసితిని.’ దాని కింద నా సంతకం. మొదటి వారం ఆ వాక్యం నన్ను కాస్త ఇబ్బంది పెట్టింది. రెండో వారం నుంచి అది కాగితానికి ఉండే అంచులాగా అయిపోయింది. చేయి దానంతట అదే కిందికి జారి సంతకం చేసేది.

అక్క నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. తన కంప్యూటర్‌లో గేమ్ పాత వెర్షన్ తెరిచింది. విడుదలకు ముందుది, ఇరవై రెండు బొమ్మలూ ఉన్నది. కంట్రోలర్ నా ఒళ్లో పెట్టి, “కూర్చో,” అంది.

ఎలా పట్టుకోవాలో కూడా ఆమే చూపించాల్సివచ్చింది. రేవు మెట్ల మీద పడవవాడు నిలబడి ఉన్నాడు. ఎదురుగా రెండు కత్తుల కుర్రవాడు. నేను కంగారుగా అన్ని మీటలూ నొక్కాను. పడవవాడు తన్నాడు. కుర్రవాడు రెండు మెట్లు దొర్లాడు.

ఆ తర్వాత నేను ఎంత నొక్కినా ఏమీ జరగలేదు.

పడవవాడు తిరిగి నిలబడుతున్నాడు. ముందు కుడిచేయి పక్కకు వెళ్లి, అక్కడ లేని తెడ్డును వెతికింది. బరువంతా కుడిపాదం మీదికి మెల్లగా చేరింది. ఎడమ మోకాలు వంగే ఉంది. అది విచ్చుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టుంది. ఈలోగా కుర్రవాడు లేచాడు, కత్తులెత్తాడు, వస్తున్నాడు. నా వేళ్లు మీటల మీదే ఉన్నాయి. చేయగలిగింది లేదు, చూడటం తప్ప. లెక్కకు అది అర సెకను. ఆ అర సెకనులో అత్త ఇంట్లో ప్రతి గడప ముందూ ఆగడం చూశాను. ఇరవై ఏళ్లు ఆమె వెనక నడిచి, ముందుకు పోవడానికి దారివ్వడం లేదని విసుక్కోవడం తప్ప ఆ ఆగడాన్ని నేనెప్పుడూ చూడలేదు.

కత్తి తగిలింది. పడవవాడు పడిపోయాడు.

“ఎలా ఉంది?” అంది అక్క.

అభిప్రాయాలు నాకు వేలల్లో తెలుసు. ‘నత్తకు కరాటే నేర్పినట్టుంది.’ ‘యానిమేలో ఈయన్ని చూసి ఏడ్చాను, గేమ్‌లో ఈయనతో ఆడి ఏడుస్తున్నాను, రెండూ ఒకే ఏడుపు కాదు.’ ‘మా చెల్లి కళ్లు మూసుకుని నొక్కి నన్ను ఓడించింది, ఇక్కడ న్యాయం లేదు.’ ‘బొమ్మలు బ్రహ్మాండం, మనుషులు ఎక్కడ?’ వీటిలో ఏదీ నా నోటికి రాలేదు. మొదటిసారి నాదైన ఒక మాట కోసం వెతికాను. అది చిన్నదిగా, వంకరగా, సిగ్గుపడుతూ వచ్చింది.

“భయం వేసింది. వాణ్ణి కొట్టేస్తారని.”

అక్క ఒక్కసారి తలూపింది. కళ్లు తిప్పుకుని అద్దాన్ని గుడ్డతో తుడవసాగింది, అక్కడ మరకేమీ లేకపోయినా. “అంతే. ఆ మాట కోసమే గీశాను.”

పదకొండూ నలభై అయింది.

నా గదికి వచ్చి కూర్చున్నాను. ఏడో నివేదిక బల్ల మీద సిద్ధంగా ఉంది, సంతకం ఒక్కటే తక్కువ. దాన్ని తిరగేశాను. వెనక సన్న అక్షరాల్లో నిబంధనలు. వాటిని రాసింది నేనే, ఉద్యోగంలో చేరిన కొత్తలో, కాగితం మీద నీతి చాలా తేలికని అనుకునే రోజుల్లో. నాలుగోది: చదివినవాడు స్వయంగా ఆడి సరిచూడలేదని తేలితే ఆ నివేదిక చెల్లదు, దాని ఆధారంగా తీసుకున్న ఏ నిర్ణయమూ చెల్లదు.

దాఖలైన నివేదిక దాఖలైనట్టే అన్నారు. కాని చెల్లనిదని దాఖలు చేసినవాడే ఒప్పుకుంటే?

దారి కనిపించినందుకు సంతోషం కలగలేదు. నా ఉద్యోగం పోతుందన్నది అందులో చిన్న సంగతి. నివేదికలు పడిపోతే వాటితోపాటు ముళ్ళకంప కూడా పడిపోతుంది. ఆ ఆరు ఉత్తరాలూ ఎవరూ రాయనట్టే, ఎవరూ చదవనట్టే అవుతాయి. బయటికి వెళ్లిన పడవవాడు తన్నిన ప్రతిసారీ నిటారుగా నిలబడుతూనే ఉంటాడు. కోసేసిన పది బొమ్మలను ఇక ఈ భవనంలో అడిగేవాడు ఉండడు. అక్కకు కుర్చీ మిగులుతుంది. ఏ మాట కోసం ఆమె ఆ కుర్చీని పణంగా పెట్టిందో, ఆ మాటను నా చేత్తో నేనే పూడ్చాలి. అడిగితే ఆమె ఒప్పుకోదు. అడగకపోతే, ఆమె తరఫున మళ్లీ నేనే ఒక గడి ఎంచుకున్నవాణ్ణవుతాను.

మంచి దారికి, మిగిలిన దారికి ఉన్న తేడా గురించి చాలా చదివాను. చదివినది ఏదీ ఆ ఇరవై నిమిషాల్లో నా పక్కన కూర్చోలేదు.

తెల్లకాగితం తీసుకున్నాను. ‘గత ఆరు వారాలుగా నేను సమర్పించిన నివేదికలలో ఒక్కదానికైనా నేను ఆట ఆడి సరిచూడలేదు. అడుగున చేసిన సంతకాలు అబద్ధం. నాలుగో నిబంధన ప్రకారం అవి చెల్లవు’ అని రాసి, తేదీ వేసి, సంతకం చేశాను. ఇంకో వాక్యం రాయాలనిపించింది, ఈరోజు మాత్రం ఒకసారి ఆడానని. రాయలేదు.

సమావేశం గది తలుపు తెరిచేసరికి పొడవాటి బల్ల చుట్టూ అందరూ వచ్చి ఉన్నారు. చివర అక్క, చేతులు ఒళ్లో పెట్టుకుని. నన్ను చూసి కనుబొమలతోనే వద్దంది. బల్ల మధ్యలో ఫోన్ పెట్టి ఉంది, ముళ్ళకంప గొంతు కోసం.

“వచ్చారా,” అన్నారు గడియారం. “ఆయన దొరికాడా? నంబర్ చెప్పండి.”

“ముందు ఇది చదవండి సార్,” అని కాగితం ఆయన చేతిలో పెట్టాను.